కార్జం చెప్పే సంగతి ఫైల్లో ఉండదు

2025 జనవరిలో బ్రిటన్‌లో ఫార్మ్ అష్యూరెన్స్ మీద, అంటే సాగూ పెంపకమూ ప్రమాణాల ప్రకారం జరుగుతున్నాయని తనిఖీ చేసి కొనేవాళ్లకు హామీ ఇచ్చే పద్ధతి మీద, ఒక పెద్ద సమీక్ష నివేదిక వచ్చింది. ఇక్కడి నాలుగు రైతు సంఘాలూ, రైతుల నుంచి రుసుము తీసుకుని వాళ్ల కోసం పనిచేసే ఏహెచ్‌డీబీ అనే లెవీ బోర్డూ కలిసి చేయించిన పని అది. హార్పర్ ఆడమ్స్ విశ్వవిద్యాలయానికి ఒకప్పుడు వైస్ ఛాన్సలర్‌గా ఉన్న డేవిడ్ లెవెలిన్ ఆ కమిషన్‌కు అధ్యక్షుడు. మొత్తం 9 ప్రధాన సిఫార్సులు. వాటిలో మొదటిది చదవగానే మా ఆఫీసులో చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. రైతు దగ్గరికి వెళ్లి చేసే ఆడిట్లు తగ్గాలి, తేలిక కావాలి, ఎవరొచ్చి చేసినా ఒకే తీరుగా జరగాలి అని దాని సారాంశం.

నాకూ సంతోషమే. కానీ అప్పటి నుంచీ ఒక విషయం నన్ను వదలడం లేదు. ఆడిట్లు ఎన్ని జరగాలన్న దాని మీద ఇంత చర్చ నడుస్తోంది. ఆడిట్‌కు వెళ్లినవాళ్లు అక్కడ దేన్ని చూస్తున్నారన్న దాని మీద అందులో పదో వంతు కూడా నడవడం లేదు. గొర్రెలూ పశువులూ పెంచే రైతుల విషయంలో అసలు తేడా అక్కడే ఉందని నా నమ్మకం. ఆ నమ్మకం ఎలా ఏర్పడిందో, దానిలో నాకే ఎక్కడెక్కడ సందేహాలున్నాయో ఈ వ్యాసంలో రాస్తాను.

ముందు నా సంగతి. రాజేంద్రనగర్‌లో వెటర్నరీ చదివాను. పెళ్లయ్యాక యార్క్‌షైర్ వచ్చాను. ఇక్కడ పశువైద్యం చేయాలంటే మళ్లీ వేరే పరీక్షలు రాయాలి. నేను ఆ దారిన పోకుండా ఒక మాంసం కంపెనీలో క్వాలిటీ విభాగంలో చేరాను. లోపలికి వచ్చే ప్రతి జంతువు కాగితాలూ మా బల్ల మీదకే వస్తాయి. కోసిన తర్వాత లోపల ఏం కనిపించిందన్న కబురు కూడా మా దగ్గరికే వస్తుంది. ఒకే పెంపకం క్షేత్రం గురించి రెండు రకాల సాక్ష్యాలు పక్కపక్కనే పెట్టుకుని చూసే అవకాశం ఈ వ్యవస్థలో చాలా తక్కువమందికి ఉంటుంది.

గొడ్డుమాంసం అనగానే మనవాళ్లలో మాట ఎటు మళ్లుతుందో నాకు తెలుసు. తినాలా వద్దా అన్నది ఇక్కడ నా విషయం కాదు. పెంచే మనిషి, పెరిగే జంతువు, ఆ రెంటి మధ్యకు ఫైలు పట్టుకుని వచ్చే మూడో మనిషి, వీళ్ల గురించే నా ఆలోచన.

కాగితం ఎందుకు పుట్టిందో మరచిపోకూడదు

ఇక్కడి ప్రధాన అష్యూరెన్స్ పథకమైన రెడ్ ట్రాక్టర్‌ను రైతులు తిట్టడం వింటుంటే ఇదంతా ఎవరో పనిలేనివాళ్లు తెచ్చిపెట్టిన తద్దినం అనిపిస్తుంది. కాదు. 1996 మార్చిలో పిచ్చి ఆవు వ్యాధికీ మనుషుల్లో వస్తున్న కొత్త జబ్బుకూ సంబంధం ఉండవచ్చని బ్రిటన్ ప్రభుత్వం పార్లమెంటులో ఒప్పుకుంది. రోజుల వ్యవధిలో బ్రిటన్ గొడ్డుమాంసానికి యూరప్ తలుపులు మూసుకున్నాయి. పుట్టిన ప్రతి దూడకూ పాస్‌పోర్టు అన్నది ఆ ఏడాదే మొదలైంది. రెడ్ ట్రాక్టర్ గుర్తు 2000లో వచ్చింది. మరుసటి ఏడాదే గాలికుంటు వచ్చి 60 లక్షలకు పైగా జంతువులను చంపాల్సి వచ్చింది. ఏ జంతువు ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో చెప్పే కాగితం విలువ ఏమిటో ఆ ఏడాది ప్రతి పల్లెకూ తెలిసింది.

అందుకే నేను కాగితానికి వ్యతిరేకిని కాను. ఇంగ్లండులో రెడ్ ట్రాక్టర్ గుర్తుతో అమ్మాలంటే పశువు కోతకు ముందు కనీసం 90 రోజులు, గొర్రె 60 రోజులు అష్యూరెన్స్ ఉన్న చోట ఉండాలి. సుమారు ఏడాదిన్నరకోసారి ఆడిటర్ వస్తాడు. మందుల పుస్తకం, జంతువుల రాకపోకల రికార్డు, పశువైద్యుడితో కలిసి రాసుకున్న ఆరోగ్య ప్రణాళిక, దాణా బిల్లులు, చచ్చిన జంతువును ఎవరు తీసుకెళ్లారన్న రసీదు, ఎలుకల మందు ఎక్కడెక్కడ పెట్టారన్న పటం, ఇలా ఒక్కొక్కటే తిరగేస్తాడు. వీటిలో ఏ ఒక్కదాన్నీ అనవసరమని కొట్టిపారేయలేను. అన్నీ కలిసి ఎంత సమయం తింటున్నాయన్నదే నా బాధ.

ఒకసారి మా కంపెనీకి గొర్రెలు పంపే ఒక రైతు ఇంట్లో ఆడిట్ జరుగుతుంటే నేనూ కూర్చున్నాను. పొద్దున్నంతా వంటింటి బల్ల దగ్గరే గడిచిపోయింది. రైతు భార్య ఫైళ్లన్నీ రంగు రంగుల అట్టలతో వరసగా పెట్టుకుంది. ఆడిటర్ మంచివాడు, మర్యాదస్తుడు, పని తెలిసినవాడు. ఒక మందు సీసా బ్యాచ్ నంబరు పుస్తకంలో రాయలేదని పట్టుకున్నాడు. ఎలుకల మందు పటం పాతదని రాసుకున్నాడు. తర్వాత కొట్టం చూశాడు, మందుల బీరువాకు తాళం ఉందో లేదో చూశాడు, ఇంటికి దగ్గరగా ఉన్న మడిలో గొర్రెలను గేటు మీద చేతులు ఆనించి చూశాడు. వాన మొదలైంది. అతనికి ఆ రోజు ఇంకో చోటు కూడా ఉంది.

అతను వెళ్లాక నేను రైతుతో కలిసి పై మేతబీడుకు నడిచాను. అక్కడ తల్లిగొర్రెల్లో కొన్ని మోకాళ్ల మీద వాలి మేస్తున్నాయి. గొర్రెలు తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, ముందు గిట్టలు కుళ్లిపోయి నొప్పి భరించలేనప్పుడే అవి అలా మేస్తాయి. రైతుకు ఆ సంగతి తెలుసు, దాని గురించి దిగులు కూడా పడుతున్నాడు, ఏం చేయాలో సలహా చెప్పేవాళ్లు కావాలి అతనికి. ఆ రోజు ఇంటికొచ్చిన నిపుణుడు మాత్రం ఎలుకల పటం గురించి చెప్పి వెళ్లిపోయాడు.

ఇది ఆ ఆడిటర్ తప్పని నేననను. అతని చేతిలో పెట్టిన ప్రశ్నపత్రం అది. మడిలో నడిచే కొద్దీ అతనికి మార్కులు పడవు. బల్ల దగ్గర గడి గడికీ టిక్కు పెడితేనే పని పూర్తయినట్టు లెక్క.

కోసిన తర్వాత బయటపడేది

ఇప్పుడు రెండో సాక్ష్యం సంగతి. కబేళాలో ప్రతి జంతువునూ ప్రభుత్వ తనిఖీదారులు చూస్తారు, బతికుండగా ఒకసారి, కోశాక ఒకసారి. కార్జం, ఊపిరితిత్తులు, గుండె అన్నీ పరీక్షిస్తారు. పనికిరానిది తీసేస్తారు. ఎందుకు తీశారో నమోదు చేస్తారు.

కార్జంలో జలగలు (లివర్ ఫ్లూక్ అనే చదునైన పురుగులు) ఉంటే పైత్యనాళాలు గట్టిపడి తెల్లటి తీగల్లా పైకి తేలతాయి. ఒక్కసారి చూస్తే జన్మలో మరచిపోరు. ఆ జంతువు ఏ తడి నేలలో మేసిందో, నట్టల మందు సరైన వేళకు పడిందో లేదో, పడినా ఆ మందు పనిచేస్తోందో లేదో ఆ కార్జమే చెబుతుంది. ఊపిరితిత్తులు పక్కటెముకలకు అతుక్కుపోయి ఉంటే, చలికాలం కొట్టంలో గాలి ఆడలేదనో, దూడప్పుడు న్యుమోనియా వచ్చి తగ్గిందనో అనుమానించాలి. మెడ మీదో తొడ మీదో చీముగడ్డ ఉంటే సూది సరైన చోట పొడవలేదు, లేదా శుభ్రమైన సూది వాడలేదు. గొర్రె గుండెలోనో కండలోనో చిన్న చిన్న బొబ్బలు కనిపిస్తే, ఆ బీళ్లలో తిరిగే కుక్కలకు నట్టల మందు వేయడం లేదని అర్థం. కమిలిన మచ్చలుంటే బండి ఎక్కించేటప్పుడో దించేటప్పుడో మొరటుగా పట్టుకున్నారని అర్థం.

ఆడిట్‌లో ఒక్క లోపం కూడా పడని ఒక క్షేత్రం నుంచి గొర్రెలు వచ్చాయి. కార్జాల్లో ఎక్కువ భాగం జలగలతో పాడై చెత్తబుట్టలో పడ్డాయి. నేను రైతుకు ఫోన్ చేశాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఏళ్ల తరబడి ఒకే మందు తాపుతున్నాను, అది పనిచేస్తోందనే అనుకున్నాను, ఇన్నాళ్లూ ఎవ్వరూ చెప్పలేదు" అన్నాడు. ట్రైక్లాబెండజోల్ అనే మందుకు జలగలు అలవాటు పడిపోవడం ఇక్కడ చాలా చోట్ల ఉంది. పేడ పరీక్ష చేయిస్తే తెలిసేది. పుస్తకంలో మాత్రం మందు తాపిన తేదీ, మోతాదు, కోతకు ముందు ఆగాల్సిన 56 రోజుల లెక్క అన్నీ తప్పులేకుండా ఉన్నాయి. ఆడిటర్ వాటికి టిక్కు పెట్టాడు, పెట్టాల్సిందే మరి. మందు తాపడం నిజం, రాసింది నిజం, జలగలు చావకపోవడం కూడా నిజం. ఆ మూడో నిజానికి మన ఫారంలో గడి లేదు.

ఆ సమాచారం లేదా అంటే ఉంది. కబేళాలో నమోదై, ఆహార ప్రమాణాల సంస్థ కంప్యూటర్లలోకి వెళుతుంది. రైతుకు తిరిగి వెళ్లే దారి మాత్రం ఒక్కో కంపెనీలో ఒక్కోలా ఉంటుంది. కొన్నిచోట్ల డబ్బుల చీటీ వెనకాల కోడ్ నంబర్లుగా పోతుంది. ఆ కోడ్ ఏమిటో రైతుకు తెలియదు, ఆయన పశువైద్యుడికి అందదు, ఆడిటర్ కంట పడదు.

నా వాదం ఇంతే. పశువైద్యుడు అమ్మిన మందుల లెక్క, జంతువుల రాకపోకల లెక్క, కబేళాలో కనిపించిన లెక్క, ఈ మూడూ ఇప్పటికే ఎక్కడో ఒకచోట నమోదై ఉన్నాయి. అవే కాగితాలను రైతు చేత మళ్లీ రాయించి, వంటింటి బల్ల మీద మళ్లీ తనిఖీ చేయడం ఆపాలి. ఆ మూడు లెక్కలనూ ఆడిటర్ బయల్దేరే ముందే చూసుకోవాలి. ఆ ఇంటికి వెళ్లిన పూట జంతువుల మధ్యే గడపాలి. కుంటేవి ఎన్నో లెక్కపెట్టాలి. తల్లిగొర్రె నడుము మీద చెయ్యి వేసి వెన్నెముక ఎంత తగులుతోందో చూడాలి. నీళ్ల తొట్టి, పరుపు గడ్డి, కొట్టంలో గాలి, ఇవన్నీ చూడాలి. అక్కడి లెక్క, కార్జం చెప్పిన లెక్క కలుస్తున్నాయో లేదో రైతుతో కూర్చుని మాట్లాడాలి.

చేసి చూసినవాళ్లున్నారు

ఇది నా ఊహేమీ కాదు. 2010లో ఇక్కడ జంతు సంక్షేమ సంస్థ ఆర్‌ఎస్‌పీసీఏ, సేంద్రియ సాగు సంస్థ సాయిల్ అసోసియేషన్, బ్రిస్టల్ విశ్వవిద్యాలయం కలిసి అష్యూర్‌వెల్ అనే పని మొదలుపెట్టాయి. ముందు గుడ్ల కోళ్లతో ప్రారంభించారు. కొట్టం ఎంత వెడల్పు, తొట్టి ఎంత పొడవు అన్న ప్రశ్నలకు తోడుగా, కోళ్ల ఒంటి మీద ఈకలు ఎంత రాలిపోయాయో ఆడిటర్లే చూసి మార్కు వేయడం నేర్పారు. రెండు మూడేళ్లలో ఈకలు రాలడం తగ్గింది. రైతుకు తన మంద మార్కు తెలిసింది, పక్కవాళ్ల సగటుతో పోల్చుకోగలిగాడు, ఎక్కడ లోపమో వెతుక్కున్నాడు. శిక్షల అవసరం అంతగా రాలేదు.

గొర్రెల కుంటు విషయంలోనైతే లెక్క కూడా సిద్ధంగా ఉంది. ప్రభుత్వానికి సలహా ఇచ్చే వ్యవసాయ పశువుల సంక్షేమ మండలి 2011లోనే ఒక లక్ష్యం చెప్పింది. మందలో కుంటే గొర్రెలు 2016 నాటికి నూటికి 5 లోపు, 2021 నాటికి 2 లోపు ఉండాలని. ఆ గడువులు రెండూ దాటిపోయాయి. ఇంత స్పష్టమైన, ఎవరైనా మడిలో నిలబడి లెక్కపెట్టగలిగే కొలత చేతిలో ఉంటే, ఆడిట్‌కు అదే వెన్నెముక కావద్దా?

ఐర్లండులో ఇంకో అడుగు ముందుకు వేశారు. బీఫ్ హెల్త్‌చెక్ అనే కార్యక్రమం కింద కబేళాలో కార్జాలు, ఊపిరితిత్తుల్లో కనిపించినవి ఒకే జాతీయ డేటాబేసులో చేరి, రైతుకు నివేదికగా తిరిగి వెళతాయి. పశువైద్యుడితో కూర్చుని మాట్లాడుకోవడానికి ఆ కాగితం పనికొస్తుంది. ఆ పక్క దీవిలో వీలైనది ఈ దీవిలో ఎందుకు వీలుకాదో నాకు అర్థం కాదు.

మహబూబ్‌నగర్ కాపరి మాట

ఇప్పుడు నా వాదానికి ఎదురు నిలిచేవాటి సంగతి. వాటిలో మొదటిది ఇక్కడిది కాదు, మన దగ్గరిది.

చదువుకునే రోజుల్లో మహబూబ్‌నగర్ వైపు నట్టల మందు క్యాంపుకు పోయాం. ఒక పెద్ద కురుమ కాపరి ఉండేవాడు. మందలో ఏ గొర్రె ఎవరి పిల్లో, దేనికి పోయిన ఎండాకాలం ఏమైందో కళ్లు మూసుకుని చెప్పేవాడు. మందులు ఎప్పుడు తాపావో రాసుకుంటావా అని నేనడిగితే, "రాతలెందుకు డాక్టరమ్మా, ఏ గొర్రెకు ఏం తాపిన్నో నా కండ్ల ముందటనే ఉంటది" అన్నాడు. ఆయన మాటలో అబద్ధం లేదు. అంత బాగా జంతువును చూసే ఆడిటర్‌ను నేను ఈ దేశంలో ఇంతవరకు చూడలేదు.

కానీ వారం తిరగకుండా ఆయన కొన్ని పొట్టేళ్లను అంగడిలో అమ్మాడు. మందు తాపి ఎన్ని రోజులైందన్నది ఆయన కళ్ల ముందే ఉండిపోయింది, పొట్టేళ్లు పోయాయి. కొన్న బేరగాడికి తెలియదు, హైదరాబాదులో కోసినవాడికి తెలియదు, తిన్నవాళ్లకు అసలే తెలియదు.

మాంసంలో మిగిలిన మందును కంటితో చూడలేం, చేత్తో తడిమి పట్టలేం. అది రాసి ఉంటేనే తెలుస్తుంది, లేదా ల్యాబులో పరీక్షిస్తేనే తెలుస్తుంది. కాబట్టి ఫైలు పూర్తిగా పోవాలని నేననలేను. ఇక్కడ జంతువు కబేళాకు వచ్చేటప్పుడు దాని వెంట ఒక సమాచార పత్రం రావాలి, ఆగాల్సిన రోజులు ఆగామని రైతు దానిపై సంతకం చేయాలి. ఆ సంతకం వెనక మందుల పుస్తకం ఉండి తీరాలి. ఎలుకల పటానికీ మందుల పుస్తకానికీ ఒకే బరువు ఇవ్వడం మీదే నా అభ్యంతరం.

ఆ రంగు అట్టల ఫైళ్ల ఇల్లాలితో తర్వాత ఒకసారి మాట్లాడినప్పుడు ఆమె ఇంకో మాట అంది. ఆడిట్ తేదీ దగ్గరపడితేనే తన భర్త మందుల బీరువా సర్దుతాడట, కాలం చెల్లిన సీసాలు బయటపడేస్తాడట. ఆ భయం లేకపోతే ఎవరూ సర్దరు, ఆడిట్లను మరీ పల్చన చేయొద్దు అంది. ఆడిట్లను అందరూ ద్వేషిస్తారని అనుకునేవాళ్లకు ఈ మాట వినిపించాలని ఉంది. రాత్రి పూట కూర్చుని ఆ కాగితాలు రాసేది ఆమే.

గొర్రెపిల్ల చేతులు మారే దారి

నా వాదానికి అన్నిటికన్నా పెద్ద చిక్కు గొర్రెల వ్యాపారంలోనే ఉంది. కొండ మీద పుట్టిన గొర్రెపిల్ల సంతలో అమ్ముడై, కింద పల్లంలో బలిసి, మళ్లీ సంతకెక్కి, అప్పుడు కబేళాకు వస్తుంది. 60 రోజుల నియమం చివరి యజమానినే చూస్తుంది. కార్జంలోని జలగ ఏ యజమాని బీడులో పట్టుకుంది? చివరివాడిని తప్పుబట్టడం అన్యాయం. మొదటివాడికి కబురు చేరదు. పశువులకైతే పాస్‌పోర్టు ఉంది, వెనక్కి నడిచిపోవచ్చు. గొర్రెలకు 2010 నుంచీ ఎలక్ట్రానిక్ చెవి ట్యాగులున్నాయి గానీ, ఇంగ్లండులో చాలా రాకపోకలు ఇప్పటికీ మంద లెక్కనే నమోదవుతాయి.

స్కాట్లండు తన స్కాచ్ బీఫ్‌కు పుట్టుక నుంచి కోత దాకా అష్యూరెన్స్ ఉండాలని పెట్టుకుంది. అదే మంచిదని చాలామంది అంటారు. పశువులకు నేనూ ఒప్పుకుంటాను. ఇంగ్లండు గొర్రెలకు అదే నియమం రేపటి నుంచి పెడితే, కొండల మీద చిన్న మందలున్నవాళ్లు ఫీజు కట్టి ఫైళ్లు రాసే బదులు గొర్రెలే మానేస్తారు. అందుకే గొర్రెల విషయంలో నేను అడిగేది తక్కువ. ట్యాగు నంబరును సంతలో ఒకసారి, కబేళాలో ఒకసారి చదివి, కనిపించినదాన్ని ఆ నంబరు వెంట వెనక్కి పంపాలి. పుట్టిన చోటికి అష్యూరెన్స్ ఉన్నా లేకపోయినా పంపాలి. శిక్ష ముడిపెట్టకుండా పంపాలి.

శిక్ష ముడిపెట్టకూడదన్న మాట దగ్గరే రైతులు నన్ను నమ్మరు. 2023 అక్టోబరులో రెడ్ ట్రాక్టర్ పర్యావరణం పేరుతో గ్రీనర్ ఫార్మ్స్ కమిట్‌మెంట్ అని ఒక అదనపు నిబంధనల పట్టీ ప్రకటించింది. సూపర్‌మార్కెట్లకు కావాల్సింది, రైతులను సరిగా అడగకుండా తెచ్చారని పెద్ద గొడవైంది. చివరికి దాన్ని పక్కన పెట్టాల్సి వచ్చింది. లెవెలిన్ సమీక్ష పుట్టిందే ఆ గొడవల కాలంలో. అప్పటి నుంచీ "డేటా ఇవ్వండి, మీ మంచికే" అని ఎవరన్నా రైతు చేతులు కట్టుకుని నిలబడుతున్నాడు. నాకు తెలిసిన ఒక పశువుల రైతు ఇలా అడిగాడు: "ఈ ఏడు సలహాగా వచ్చిన లెక్క, వచ్చే ఏడు ధర కోయడానికి వాడరని నీ కంపెనీ రాసిస్తుందా?" నా దగ్గర జవాబు లేదు. మా కంపెనీయే కాదు, అలా రాసిచ్చే కంపెనీ నాకు కనిపించలేదు.

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. అష్యూరెన్స్ లేని పశువుకు కిలోకు ఇన్ని పెన్నీలు తగ్గిస్తామని కొనేవాళ్లు ముందే చెబుతారు. పేరుకు స్వచ్ఛందం, చేతలకు తప్పనిసరి. పైగా కొన్ని సూపర్‌మార్కెట్లు తమ సొంత ఆడిట్ ఇంకొకటి పెడతాయి. అదే మందుల పుస్తకం, అదే వంటింటి బల్ల, వేరే మనిషి. ఫీజు, సమయం రైతువి. ప్యాకెట్ మీద బొమ్మ వల్ల వచ్చే పేరు దుకాణానిది. పక్క అరలోనే అదే రకం ఆడిట్ దాటకుండా దూర దేశం నుంచి వచ్చిన మాంసం ఉంటుంది. 2023 మే 31 నుంచి ఆస్ట్రేలియాతో వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చాక ఈ కోపం ఇంకా పెరిగింది. ఆస్ట్రేలియాలో ప్రతి అమ్మకానికీ రైతు సొంతంగా డిక్లరేషన్ ఇస్తాడు, ఆడిట్‌కు కొందరినే ఎంపిక చేస్తారు. అది తక్కువ పద్ధతని నేననను, వేరే పద్ధతి. అక్కడివాళ్లను ఆ నమ్మకంతో చూసి, ఇక్కడివాళ్లను అనుమానంతో చూస్తున్నారన్నదే రైతుల బాధ. అందులో న్యాయం ఉంది.

అలాగని తనిఖీని మొత్తంగా సడలిస్తే కొనేవాళ్లు ఎందుకు నమ్ముతారు? 2025 అక్టోబరులో ఇక్కడి ప్రకటనల ప్రమాణాల సంస్థ రెడ్ ట్రాక్టర్ టీవీ ప్రకటన ఒకదాన్ని తప్పుపట్టింది. నదుల కోసం పనిచేసే రివర్ యాక్షన్ అనే సంస్థ ఫిర్యాదు చేసింది. పర్యావరణం విషయంలో ఆ ప్రకటన జనాన్ని తప్పుదోవ పట్టించేలా ఉందని తీర్పు వచ్చింది. రెడ్ ట్రాక్టర్ ఆ తీర్పును ఒప్పుకోలేదు. ఎవరిది ఒప్పైనా, నాకు కనిపించేది ఒకటి. ఫైలు పూర్తిగా ఉందని మనం చెబితే జనానికి చాలడం లేదు. వాగులో నీళ్లు ఎలా ఉన్నాయి, మడిలో గొర్రె ఎలా నడుస్తోంది, అదే అడుగుతున్నారు. అడగాల్సిందీ అదే.

కాగితం మీద గొర్రెలు

మన దగ్గర ఇంకా ఇలాంటి అష్యూరెన్స్ లేదు, వస్తే మంచిదే అనేవాళ్లు హైదరాబాదులో కొందరు మిత్రులున్నారు. 2019 పశుగణన ప్రకారం దేశంలో అన్నిటికన్నా ఎక్కువ గొర్రెలు తెలంగాణలోనే, సుమారు 1.9 కోట్లు. ఆంధ్రప్రదేశ్ రెండో స్థానంలో 1.76 కోట్లు. ఇంత మాంసం తినే చోట ప్రమాణాలు కావాలనడం సబబే.

కానీ కాగితం మీద మాత్రమే ఆధారపడిన వ్యవస్థ ఏమవుతుందో మనం చూశాం. 2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. ప్రతిదానికీ చెవికి ట్యాగు, బీమా, రవాణా బిల్లు. కాగితాల పరంగా లోటేమీ లేదు. తర్వాత కాగ్ ఆ బిల్లులు తిరగేస్తే, గొర్రెలను తోలిన బండ్ల నంబర్లలో మోటారుసైకిళ్లవీ, అంబులెన్సులవీ బయటపడ్డాయి. ఒకే ట్యాగు నంబరు ఒకటి కన్నా ఎక్కువ గొర్రెలకు రాసి ఉంది. ఫైలు చూసిన ప్రతి అధికారీ టిక్కు పెట్టే ఉంటాడు. ఎవరైనా ఒకరు ఊళ్లోకి వెళ్లి దొడ్డి దగ్గర నిలబడి లెక్కపెట్టి ఉంటే ఆ నంబర్లు అంత దూరం ప్రయాణించేవి కావు.

అందుకే ఆ మిత్రులకు నేను చెప్పేది, ఇక్కడి ప్రశ్నపత్రాన్ని తర్జుమా చేసి కాపరి చేతిలో పెట్టకండి అని. చదువురాని కాపరి చేత ఫారాలు నింపించడానికి ఊరికో దళారీ పుడతాడు, ఫారానికి ఇంత అని రేటు కడతాడు. ఆ ఖర్చు పొట్టేలు ధరలోంచే పోతుంది. మొదలుపెడితే రెండు చోట్ల మొదలుపెట్టండి. ఒకటి, మందులమ్మే దుకాణం. కాపరికి బదులు అమ్మినవాడే రాయాలి, ఏ మందు, ఎన్ని గొర్రెలకు, ఎన్నాళ్లు అమ్మకూడదు అని కాపరికి తెలుగులో చీటీ ఇవ్వాలి. ఆ చీటీ అంగడిలో మందతో పాటు చేతులు మారాలి. రెండు, కబేళా. కేంద్రం పశువులకు వేస్తున్న 12 అంకెల ట్యాగు గొర్రెలకూ నిజంగా చేరిన చోట, కోసినప్పుడు ఆ నంబరు చదివి, కార్జంలో జలగలున్నాయా, ఊపిరితిత్తులు బాగున్నాయా అన్న రెండు ముక్కలు ఆ మండలంలోని పశువైద్యుడికి పంపాలి. ఆయన నట్టల మందు క్యాంపుకు వెళ్లేటప్పుడు ఏ చెరువు పక్క మందలకు జలగల మందు ముందు తాపాలో తెలుస్తుంది.

ఇక్కడ యార్క్‌షైర్‌లో మేం చేయగలిగిన చిన్న పని ఒకటి మొదలుపెట్టాం. మా కంపెనీలో కార్జం తీసేసిన ప్రతి మందకూ, కోడ్ నంబర్ల బదులు మామూలు మాటల్లో రాసిన చీటీ రైతుకు పంపుతున్నాం. ఆయన ఒప్పుకుంటే పశువైద్యుడికి కూడా. ఆ రైతు అడిగిన రాతపూర్వక హామీ, ధర కోయడానికి ఈ లెక్క వాడబోమన్నది, ఇంకా రాలేదు. కొనుగోలు విభాగంవాళ్లు ఆలోచిస్తున్నామంటున్నారు. అది వచ్చేదాకా చీటీలు తీసుకోవడానికి ఒప్పుకోని రైతులు కొందరున్నారు. వాళ్లను నేను ఒత్తిడి చేయడం లేదు, హామీ కోసం మా వాళ్ల మీదే ఒత్తిడి చేస్తున్నాను.